ముందు కొలత, తర్వాతే కొట్టు



ఈ రోజు పాత కార్ల గురించి నాలుగు మాటలు. కారు మొత్తం గురించి కాదు. అందులో అన్నిటికంటే చిన్న సరుకు గురించి. బోల్టు, నట్టు, వాషరు, స్టడ్డు.

పాత కారును మళ్లీ అసలు రూపానికి తేవాలనుకునే వాళ్లు రంగు గురించి ఆలోచిస్తారు. సీట్ల గురించి ఆలోచిస్తారు. ఇంజను గురించి దిగులు పడతారు. బోల్టు సంగతి ఎవరికీ పట్టదు. "బోల్టుకేం తక్కువ, సాక్చీ బజారుకెళ్తే కిలోల లెక్కన ఇస్తారు" అంటారు. ఇస్తారు, నిజమే. ఉక్కు పుట్టిన మన జంషెడ్‌పూర్‌లో బోల్టుకు కరువేమిటి? కానీ ఆ కారు కోసం పుట్టిన బోల్టు ఇస్తారా? అదీ ప్రశ్న.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. ముందు కొలత, తర్వాతే కొట్టు. చేతిలో ఉన్న పాత బోల్టు ఏమిటో తెలుసుకున్నాకే కొత్తదాని కోసం బయలుదేరాలి. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

మీ వంటింట్లో ఆవకాయ సీసాలు ఉంటాయి కదా. ఒక సీసా మూత ఇంకో సీసాకు పెట్టి చూడండి. రెండూ ఒకే సైజులా కనిపిస్తాయి. మూత ఒక చుట్టు తిరుగుతుంది. రెండో చుట్టు కూడా తిరుగుతుంది. ఆ తర్వాత ఓ పక్కకు ఒరిగి పట్టేస్తుంది. అమ్మ అయితే అక్కడే ఆపి, వేరే మూత వెతుకుతుంది. మన మిస్త్రీ మాత్రం ఆపడు. పానా పెట్టి, ఆ పానాకు ఓ పైపు తొడిగి తిప్పుతాడు. బోల్టు లోపలికి వెళుతుంది. వెళుతూ వెళుతూ ఎదుటి మరను కోసుకుంటూ పోతుంది. పైకి అంతా బిగిసినట్టే ఉంటుంది. ఆరు నెలలకు గతుకుల రోడ్డు మీద తెలుస్తుంది, అది ఏమీ పట్టుకోలేదని.

ఇంతకీ సైజు ఒకటే అయినప్పుడు మర ఎందుకు కలవదు? ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజనీరు మరలకు ఒక పద్ధతి పెట్టాడు. మర పంటికి 55 డిగ్రీల కోణం. బ్రిటిష్ వాళ్ల యంత్రాలు వెళ్లిన చోటికల్లా ఆ మర వెళ్లింది. మన రైళ్లకూ వచ్చింది, మన కార్ఖానాలకూ వచ్చింది. అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ అనే ఆయన 60 డిగ్రీల కోణంతో వేరే మర ప్రతిపాదించాడు. ఆ దేశం దాన్నే పట్టుకుంది. ఐరోపా దేశాలు మిల్లీమీటర్ల దారి పట్టాయి. ఇలా ప్రపంచం మూడు ముక్కలైంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ తేడా ఎంత ఇబ్బందో తెలిసొచ్చింది. ఇంగ్లండు ట్యాంకుకు అమెరికా బోల్టు పట్టదు. అదే యుద్ధంలో మన జంషెడ్‌పూర్ ఉక్కు రేకును కెనడా ఫోర్డు ఛాసిస్ మీద బిగించి కవచ వాహనాలు తయారుచేశారు. వాటిని సైన్యంలో 'టాటానగర్' అనే పిలిచేవారు. యుద్ధం అయ్యాక, 1948లో, అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఒక ఉమ్మడి మరకు ఒప్పుకున్నాయి. దానిలో సన్న మరను యూఎన్ఎఫ్ అంటారు. ముతక మరను యూఎన్‌సీ అంటారు. కోణం 60 డిగ్రీలు. కొలత ఇంచీల్లో.

ఇప్పుడు మన ఊరికి రండి. 1945లో టాటాలు ఇక్కడి రైల్వే షాపులు కొని టెల్కో పెట్టారు. ముందు రైలింజన్ల పని. అది బ్రిటిష్ ఇంచీల లోకం. 1954లో జర్మనీ వారి డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం కుదిరింది. బెంజ్ లారీలు తయారవడం మొదలైంది. జర్మన్ లారీ అంటే మిల్లీమీటరు. దేశం మొత్తానికి మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. అంతకు రెండేళ్ల ముందే టెల్కో కార్మికుడి చేతికి మిల్లీమీటర్ల పానా వచ్చిందన్న మాట. శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ వచ్చి కద్మాలోనూ గోల్‌మురీలోనూ టెల్కో కాలనీలోనూ స్థిరపడిన మన వాళ్లలో ఎందరో ఆ షాపుల్లోనే పని నేర్చుకున్నారు.

మంచి చేతులు అవి. అనుమానం లేదు. కానీ పది, పదమూడు, పదిహేడు, పంతొమ్మిది నంబర్ల పానాలకు అలవాటు పడ్డ చేతులు. ఆ చేతికి మీరు ఓ పాత అంబాసిడర్ ఇచ్చారు. లేదా విల్లీస్ నమూనా జీపు ఇచ్చారు. గొడవ అక్కడ మొదలవుతుంది.

అంబాసిడర్ మూలం ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. ఉత్తర్‌పారాలో హిందుస్తాన్ మోటార్స్ వాళ్లు 1950ల చివరి నుంచి 2014 దాకా చేశారు. ఇంచీ బండి అది. జీపు అమెరికా బండి. అదీ ఇంచీయే. ఫియట్, అంటే తర్వాత ప్రీమియర్ పద్మిని అయిన బండి, ఇటలీది. అది మిల్లీమీటరు. 1990ల అంబాసిడర్లలో కొన్నింటికి జపాను ఇసుజు ఇంజను పెట్టారు. ఆ బండిలో ఇంజను మిల్లీమీటరు, ఒళ్లు ఇంచీ. ఒకే కారులో రెండు భాషల కాపురం.

ఒక్క బోల్టును దగ్గరగా చూద్దాం. పాత అంబాసిడర్లో ఎక్కడ పడితే అక్కడ కనిపించే బోల్టు, ఇంచీలో పదహారు వంతులు చేస్తే అందులో అయిదు వంతుల లావు ఉంటుంది. వెర్నియర్ పెట్టి కొలిస్తే 7.94 మిల్లీమీటర్లు. బజారులో దొరికే ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు, దాన్ని ఎం8 అంటారు, సరిగ్గా ఎనిమిది. తేడా మిల్లీమీటరులో పదహారో వంతు. కంటికి ఆనదు. చేతికీ తెలీదు. కానీ మర సంగతి చూడండి. ఆ యూఎన్ఎఫ్ బోల్టుకు ఇంచీలో 24 పళ్లు. ఎం8కు ఇంచీలో 20 చిల్లర. ఇరవై నాలుగు పళ్లలో ఇరవై పళ్లు ఎలా కూర్చుంటాయి? ఒక చుట్టు, మహా అయితే రెండు చుట్లు. ఆపైన మూత కథే.

మొన్న ఒక షెడ్డులో చూశాను. మన ఉత్తరాంధ్ర ఆయనే, పెద్దవాడు. అంబాసిడర్ వాటర్ పంపు బిగిస్తున్నాడు. "ఆగండి మావయ్యా, అది మిల్లీమీటరు బోల్టులా ఉంది" అన్నాను. "కూర్చుంటాది బాబూ, ఇంకో రెండు చుట్లు తిప్పితే అదే కూర్చుంటాది" అన్నాడు. కూర్చుంది. బోల్టుతోపాటు మరలోని ఉక్కు పొట్టు కూడా తీగలా బయటికొచ్చింది. ఆ తీగను ఆయన గుడ్డతో తుడిచేశాడు.

బోల్టు తల సంగతి కూడా అంతే. ఈ ఇంచీ బోల్టు తల వెడల్పు అర ఇంచీ. అంటే 12.7 మిల్లీమీటర్లు. మిస్త్రీ చేతిలో ఉన్నది పదమూడో నంబరు పానా. పడుతుంది. కొంచెం లూజుగా పడుతుంది. తుప్పు పట్టిన బోల్టు మీద ఆ లూజు పానాతో గట్టిగా తిప్పితే తల మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. అరవై ఏళ్లు చెక్కుచెదరని అసలు బోల్టు అరనిమిషంలో చెత్త అవుతుంది. అసలు సరుకు దొరకడం లేదని బాధపడే వాళ్లు చాలామంది, ఉన్న అసలు సరుకును ఇలాగే పాడుచేసుకుంటున్నారు. అర ఇంచీ పానా ఒకటి కొనుక్కోండి. అదేమీ బంగారం కాదు.

ఇంకో వింత చెప్పి కొలతల దగ్గరికి వస్తాను. ఇంగ్లండులో విలియం మోరిస్ 1923లో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ వారి కవెంట్రీ కార్ఖానా కొన్నాడు. అక్కడి యంత్రాలన్నీ ఫ్రెంచి మిల్లీమీటరు మరలు కోసేవి. వాటిని పారేస్తే నష్టం. సరే, మర మిల్లీమీటర్లలోనే ఉండనీ అన్నారు. కానీ ఇంగ్లండు మెకానిక్కుల దగ్గర ఉన్నవి విట్‌వర్త్ పానాలు. అందుకని బోల్టు తల మాత్రం విట్‌వర్త్ కొలతకు చేశారు. తల ఇంచీ, ఒళ్లు మిల్లీమీటరు! ఎంజీ టీసీ కారు ఇంజన్లో ఇవే. మన హిందుస్తాన్ 10 అంటే మోరిస్ 10 కారే. దాని ఇంజనూ ఆ కుటుంబానిదే. పైగా ఆ ఇంజన్లలోని ఎనిమిది మిల్లీమీటర్ల మరకు పిచ్, అంటే పంటికీ పంటికీ మధ్య దూరం, ఒక మిల్లీమీటరు. ఇప్పుడు బజారులో దొరికేది ఒకటింపావు. అంటే తల చూసి ఇంచీ అనుకుంటే తప్పు. కొలిచి ఎనిమిది అని కొట్లో ఎం8 అడిగినా తప్పే. అందుకే చెబుతున్నాను, ముందు కొలత, తర్వాతే కొట్టు. పూర్తి కొలత.

పూర్తి కొలత అంటే ఏమిటి? లావు చూడాలి. మర చూడాలి. తల మీద గుర్తు చూడాలి. మూడే.

లావుకు వెర్నియర్ చాలు. మరకు పిచ్ గేజ్ అని ఒకటి దొరుకుతుంది. చాకులా విప్పుకునే సన్నటి ఉక్కు రేకులు. ఒక్కో రేకుకు ఒక్కో మర పళ్లు ఉంటాయి. బోల్టు మీద ఆనించి వెలుతురుకేసి పట్టుకోండి. మధ్యలో వెలుగు కనిపించిందా, అది కాదు. ఎక్కడా వెలుగు కనిపించలేదా, అదే. గేజ్ లేదా? పరవాలేదు. మీకు తెలిసిన బోల్టు ఒకటి తీసుకుని, తెలియని బోల్టు పక్కన పెట్టి, పళ్లలో పళ్లు ఇరికించి వెలుతురుకు పట్టండి. అదే పరీక్ష. గేజులో ఇంచీ రేకులూ మిల్లీమీటరు రేకులూ రెండూ ఉండేలా చూసుకుని కొనండి.

తల మీద గుర్తు చాలామంది చూడనే చూడరు. అమెరికా పద్ధతి బోల్టు తల మీద మూడు గీతలు ఉంటే గట్టిది. ఆరు గీతలు ఉంటే ఇంకా గట్టిది. మిల్లీమీటరు బోల్టు మీద అంకెలు ఉంటాయి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల దాకా లాగుడు ఓర్చుకుంటుంది. 10.9 అంటే అంతకంటే గట్టిది. 1950ల ఇంగ్లండు బోల్టుల మీద ఒక్కోసారి తల మధ్యలో గుండ్రటి గుంట కనిపిస్తుంది. అది కొత్త ఉమ్మడి మర అని గుర్తు. ఆ గుంట ఉంటే విట్‌వర్త్ కాదు. తల మీద ఏమీ లేకపోతే? అది మెత్తటి బోల్టు అనే అనుకోండి. స్టీరింగుకూ బ్రేకుకూ పెట్టకండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. అరవై ఏళ్ల కారులో ఉన్న ప్రతి బోల్టూ అసలుదే అనుకోకూడదు. ఎన్ని చేతులు మారిందో! మధ్యలో ఎవరో బెజ్జం పెద్దది చేసి మిల్లీమీటరు మర కోసి ఉండొచ్చు. అందుకని ఒక బోల్టు కొలిచి ఊరుకోకండి. ఎడమ తలుపుది కొలిస్తే కుడి తలుపుదీ కొలవండి. రెండూ ఒకటైతే నమ్మండి. వేరైతే, వేరే పాత కారు చూసి తేల్చుకోండి.

పాత జీపు వాళ్లకు ఒక్క మాట. చాలా పాత జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లకు తిరగబడిన మర ఉంటుంది. స్టడ్డు మీద ఇంగ్లీషు ఎల్ అక్షరం ఉంటుంది. అది చూసుకోకుండా మామూలుగా విప్పబోతే మీరు విప్పడం లేదు, బిగిస్తున్నారు. స్టడ్డు విరిగాక ఎవరినీ తిట్టుకోవద్దు.

విప్పేటప్పుడు ఇంకొకటి. ఒక అట్ట ముక్క తీసుకోండి. దాని మీద ఆ భాగం బొమ్మ గీయండి. నీళ్ల పంపైతే నీళ్ల పంపు. విప్పిన ప్రతి బోల్టునూ ఆ బొమ్మలో దాని చోటే గుచ్చండి. పొడుగుది ఎక్కడిదో పొట్టిది ఎక్కడిదో తర్వాత వెతుక్కునే పని ఉండదు. అన్నీ ఒకే డబ్బాలో పోసి కిరసనాయిలు నింపే అలవాటు మానిపించండి.

కొలత తెలిసింది. ఇప్పుడు కొట్టుకు వెళ్దాం.

రైలెక్కితే నాలుగైదు గంటల్లో కలకత్తా. అక్కడ మల్లిక్ బజార్ పాత కార్ల విడిభాగాలకు పేరు మోసింది. హౌరాలో గెస్ట్ కీన్ విలియమ్స్ వాళ్లు ఒకప్పుడు దేశానికంతటికీ బోల్టులు చేసి పంపారు. ఆ పాత నిల్వ ఇప్పటికీ అక్కడక్కడా మూలపడి ఉండొచ్చు. పండక్కి ఊరెళ్లేవాళ్లు విజయవాడ దాకా వెళ్తే ఆటోనగర్‌లో అడగండి. మద్రాసు వెళ్తే పుదుపేట ఉంది. స్టాండర్డ్ హెరాల్డ్ మద్రాసులోనే తయారైన బండి కాబట్టి దాని సరుకు అక్కడే వెతకడం మేలు. ఎక్కడికి వెళ్లినా కారు పేరు చెప్పి అడగకండి. "అంబాసిడర్ బోల్టు కావాలి" అంటే కొట్టతను ఏదో ఒకటి ఇస్తాడు. "అయిదు బై పదహారు, యూఎన్ఎఫ్, ముప్పావు ఇంచీ పొడుగు" అనండి. అతను లేచి లోపలి గదిలోకి వెళతాడు.

ఇంగ్లండులో ఆస్టిన్, మోరిస్ కలిసి బీఎంసీ అయ్యాక వాళ్ల విడిభాగాల పుస్తకాల్లో ఒక మంచి సౌకర్యం పెట్టారు. బోల్టు నంబరులోనే కొలత ఉంటుంది. హెచ్‌జడ్‌ఎస్ 0506 అని ఉందనుకోండి. హెచ్‌జడ్‌ఎస్ అంటే ఆరు పలకల తల, యూఎన్ఎఫ్ మర. 05 అంటే పదహారింట అయిదు వంతుల లావు. 06 అంటే ఎనిమిదింట ఆరు, అంటే ముప్పావు ఇంచీ పొడుగు. ఇది తెలిస్తే పుస్తకమే మీకు కొలత చెబుతుంది.

ఎక్కడా దొరకలేదు. అప్పుడు ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్ వెళ్లండి. అక్కడి లేతు షాపుల్లో విట్‌వర్త్ మర కోయగల వాళ్లు దొరుకుతారు. తలుపు కబ్జాలకూ బంపరుకూ మడ్‌గార్డుకూ అలా చేయించుకోవచ్చు. నమూనాకు పాత బోల్టు ఇవ్వండి. కానీ కనెక్టింగ్ రాడ్డు బోల్టుకూ స్టీరింగుకూ లేతు పని వద్దు. పెద్ద కంపెనీలో బోల్టుకు మర కోయరు, ఒత్తి దొర్లిస్తారు. లోహపు నరాలు తెగకుండా వంపు తిరుగుతాయి. లేతు మీద కోస్తే ఆ నరాలు తెగుతాయి. అందుకే అలాంటి చోట్ల సరైన గ్రేడు కొత్త బోల్టు కొనండి, అసలుదిలా కనిపించకపోయినా సరే. ప్రాణం దగ్గర అందం చూడొద్దు.

స్టెయిన్‌లెస్ మోజు కూడా ఎక్కువైంది. తళతళలాడుతుంది కదా అని అన్నింటికీ అదే. మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు 700 దాకానే ఓర్చుకుంటుంది, 8.8 కంటే తక్కువ. పైగా 1960 కారులో ఆ తళుకు అసలు నప్పదు. పెళ్లికూతురి నగల్లో రోల్డ్‌గోల్డులా కాదు, అంతకంటే హీనం. పాత బోల్టుకే జింకు పూత వేయించండి. అయితే గట్టి గ్రేడు బోల్టులకు పూత వేయిస్తే యాసిడ్ తొట్టిలో అవి హైడ్రోజన్ పీల్చుకుని పెళుసవుతాయి. పూత అయిన వెంటనే సుమారు 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చాలి. ఆ ఏర్పాటు లేని దుకాణానికి అలాంటివి ఇవ్వకండి.

ఇంత శ్రమ ఎందుకు అంటారా? 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పులు లేకుండా ఉన్న సొంత వాహనానికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు. పదేళ్లు చెల్లుతుంది. తర్వాత 5,000 కట్టి పొడిగించుకోవచ్చు. బోల్టు మారిందని ఆ నంబరు ఆపరు, భయపడకండి. కానీ పోటీలకు పెట్టినప్పుడు న్యాయనిర్ణేతలు బానెట్ ఎత్తి బోల్టు తలలు కూడా చూస్తారు.

చివరగా ఒక విన్నపం. టెల్కోలోనూ టాటాల ఉక్కు కార్ఖానా టిస్కోలోనూ లోకో షాపులోనూ చేసి రిటైరైన నాన్నల, తాతల పెట్టెలు మన క్వార్టర్లలో, పాత ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వాటిలో విట్‌వర్త్ పానాలూ మరలు కోసే ట్యాపులూ డైలూ ఉండొచ్చు. వాటి మీద బీఎస్‌డబ్ల్యూ అనో బీఎస్ఎఫ్ అనో ముద్ర ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కబాడీవాడికి కిలోల లెక్కన వేసేయకండి. ముందు ఆ ముద్ర చదవండి. మీ వీధిలో పాత కారు బాగుచేసుకునేవాళ్లు ఎవరున్నారో కనుక్కుని, ఆ పెట్టె వాళ్ల చేతికివ్వండి. ఆ ట్యాపులు ఇప్పుడు ఏ హార్డ్‌వేరు కొట్లోనూ తేలిగ్గా దొరకవు.